బ్యాడ్మింటన్ వరల్డ్ టూర్ స్థాయిలు

ఈ వ్యాసం షటిల్‌తో ఆడే బ్యాడ్మింటన్ గురించి. ఉన్ని బంతితో ఆడే ఆట కొరకు బాల్ బ్యాడ్మింటన్ చూడండి.

బ్యాడ్మింటన్ వరల్డ్ టూర్ స్థాయిలు అనగా ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య (బి.డబ్ల్యు.ఎఫ్.) ఏటా నిర్వహించే అంతర్జాతీయ టోర్నమెంట్లను వాటి ప్రాముఖ్యాన్ని బట్టి విభజించిన మెట్లు. సూపర్ 1000, సూపర్ 750, సూపర్ 500, సూపర్ 300, సూపర్ 100 అనే పేర్లతో ఇవి 2018 నుండి అమలులో ఉన్నాయి. టోర్నమెంటులో పంచే ప్రైజ్ మనీ, గెలిచిన వారికి లభించే ర్యాంకింగ్ పాయింట్లు, ఆడేందుకు కావలసిన అర్హత ఈ స్థాయిని బట్టి మారతాయి. దినపత్రికలలో ఏ స్థాయి విజయమైనా "టైటిల్" అనే ఒకే మాటతో కనిపిస్తుంది. కాని సూపర్ 100 టైటిల్‌కు, సూపర్ 1000 టైటిల్‌కు మధ్య తేడా చాలా పెద్దది. పై స్థాయి పోటీలో సెమీఫైనల్లో ఓడినవారికి కింది స్థాయి విజేత కంటే ఎక్కువ పాయింట్లు రావడం ఈ పద్ధతిలో సర్వసాధారణం.

కోనసీమలోని అమలాపురానికి చెందిన డబుల్స్ క్రీడాకారుడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2016లో కింది మెట్టు నుండి బయలుదేరి 2023లో సూపర్ 1000 టైటిల్ గెలిచాడు. ఈ స్థాయిల మధ్య భేదాన్ని అర్థం చేసుకొనడానికి అతని క్రీడాజీవితం తెలుగు పాఠకులకు దగ్గరి ఉదాహరణ.

## నేపథ్యం

అంతర్జాతీయ బ్యాడ్మింటన్ సమాఖ్య 1934లో ఏర్పడింది. 2006లో దాని పేరు ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్యగా మారింది. దీని ప్రధాన కార్యాలయం మలేషియా రాజధాని కౌలాలంపూర్‌లో ఉంది.

2007లో ఈ సంస్థ ముఖ్యమైన టోర్నమెంట్లను సూపర్ సిరీస్ అనే పేరుతో ఒక వరుసలోనికి తెచ్చింది. 2011లో వాటిలో కొన్నింటిని వేరుచేసి సూపర్ సిరీస్ ప్రీమియర్ హోదా కల్పించింది. వీటికి దిగువన గ్రాండ్ ప్రి గోల్డ్, గ్రాండ్ ప్రి అనే స్థాయిలు ఉండేవి. 2014లో చైనా ఓపెన్ ఫైనల్లో లిన్ డాన్‌ను ఓడించి గుంటూరుకు చెందిన కిదాంబి శ్రీకాంత్ గెలిచినది సూపర్ సిరీస్ ప్రీమియర్ టైటిలే. 2017లో శ్రీకాంత్ నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్ళు గెలిచాడు. అదే ఈ వ్యవస్థకు చివరి సంవత్సరం. 2018 నుండి పాత పేర్లన్నీ తొలగిపోయి వరల్డ్ టూర్ మొదలయింది.

## మూడు శ్రేణులు

బి.డబ్ల్యు.ఎఫ్. గుర్తింపు ఉన్న టోర్నమెంట్లను స్థూలంగా మూడు శ్రేణులుగా విభజిస్తారు.

- మొదటి శ్రేణి: ఒలింపిక్ క్రీడలు, ప్రపంచ ఛాంపియన్‌షిప్, జట్ల పోటీలైన థామస్ కప్ (పురుషులు), ఉబెర్ కప్ (స్త్రీలు), సుదిర్మన్ కప్ (మిశ్రమ జట్లు).
- రెండవ శ్రేణి: వరల్డ్ టూర్. ఈ వ్యాసంలో ప్రధానంగా వివరించినది దీని గురించే.
- మూడవ శ్రేణి: ఇంటర్నేషనల్ ఛాలెంజ్, ఇంటర్నేషనల్ సిరీస్, ఫ్యూచర్ సిరీస్. అంతర్జాతీయ రంగంలో కొత్తగా అడుగుపెట్టేవారు ఇక్కడి నుండే మొదలుపెడతారు.

ఆసియా క్రీడలు, కామన్వెల్త్ క్రీడలు, ఆసియా ఛాంపియన్‌షిప్ వరల్డ్ టూర్‌లో భాగాలు కావు.

## వరల్డ్ టూర్‌లోని స్థాయిలు

### వరల్డ్ టూర్ ఫైనల్స్

ఏడాది చివర జరిగే ఈ పోటీకి ఒక్కొక్క విభాగంలో ఎనిమిది మందిని (డబుల్స్‌లో ఎనిమిది జంటలను) మాత్రమే తీసుకుంటారు. ఒక దేశం నుండి ఒక విభాగంలో ఇద్దరికి లేదా రెండు జంటలకు మించి అవకాశం ఉండదు. 2018 డిసెంబరులో చైనాలోని గ్వాంగ్‌జౌలో జరిగిన ఫైనల్స్‌లో పి.వి. సింధు జపాన్ క్రీడాకారిణి నొజోమి ఒకుహారాను ఓడించి, ఈ పోటీలో విజేతగా నిలిచిన తొలి భారతీయురాలయింది.

### సూపర్ 1000

2018 నుండి 2022 వరకు ఈ హోదా ఆల్ ఇంగ్లండ్, చైనా ఓపెన్, ఇండోనేషియా ఓపెన్ పోటీలకు మాత్రమే ఉండేది. 2023లో మలేషియా ఓపెన్ చేరడంతో వీటి సంఖ్య నాలుగయింది. ఇక్కడ క్వాలిఫయింగ్ రౌండ్ ఉండదు. ప్రపంచ ర్యాంకును బట్టి 32 మందిని లేదా 32 జంటలను నేరుగా ప్రధాన పోటీలోనికి తీసుకుంటారు. అందువలన మొదటి రౌండులోనే ప్రపంచస్థాయి ప్రత్యర్థి ఎదురవుతాడు.

### సూపర్ 750

2018లో ఈ స్థాయిలో ఐదు టోర్నమెంట్లు ఉండేవి. 2023లో ఆరయ్యాయి. అవి ఇండియా ఓపెన్, సింగపూర్ ఓపెన్, జపాన్ ఓపెన్, డెన్మార్క్ ఓపెన్, ఫ్రెంచ్ ఓపెన్, చైనా మాస్టర్స్. న్యూఢిల్లీలో జరిగే ఇండియా ఓపెన్ 2022 వరకు సూపర్ 500 పోటీ. 2023లో దానిని పై మెట్టుకు చేర్చారు. ఈ స్థాయిలో కూడ క్వాలిఫయింగ్ రౌండ్ లేదు.

### సూపర్ 500, సూపర్ 300

వీటిలో ప్రధాన పోటీకి ముందు క్వాలిఫయింగ్ రౌండ్లు ఉంటాయి. ర్యాంకు కొంత తక్కువగా ఉన్నవారు కూడ ఆ రౌండ్లలో నెగ్గి పెద్ద క్రీడాకారులతో తలపడవచ్చు. లక్నోలో జరిగే సయ్యద్ మోదీ ఇంటర్నేషనల్ సూపర్ 300 స్థాయి పోటీ.

### సూపర్ 100

వీటిని అధికారికంగా బి.డబ్ల్యు.ఎఫ్. టూర్ సూపర్ 100 అని పేర్కొంటారు. మూడవ శ్రేణికి, వరల్డ్ టూర్‌కు మధ్య ఇవి వంతెన వంటివి. 2018, 2019 సంవత్సరాలలో జరిగిన హైదరాబాద్ ఓపెన్ ఈ స్థాయికి చెందినదే. 2022లో కటక్‌లో ఒడిషా మాస్టర్స్, 2023లో గువాహటి మాస్టర్స్ ఇదే స్థాయిలో మొదలయ్యాయి.

## ప్రైజ్ మనీ

స్థాయి పేరులోని అంకె మొదట ప్రైజ్ మనీకి సూచికగా తోస్తుంది. 2018లో సూపర్ 1000 పోటీకి కనీస ప్రైజ్ మనీ 10 లక్షల అమెరికన్ డాలర్లు. అయితే మిగిలిన అంకెలు ఈ లెక్కకు సరిపోవు. అదే సంవత్సరం సూపర్ 750కి 7 లక్షలు, సూపర్ 500కి 3.5 లక్షలు, సూపర్ 300కి 1.5 లక్షలు, సూపర్ 100కి 75 వేల డాలర్లు కనీస మొత్తంగా నిర్ణయించారు. 2023లో ఇవి వరుసగా 12.5 లక్షలు, 8.5 లక్షలు, 4.2 లక్షలు, 2.1 లక్షలు, 1 లక్ష డాలర్లకు పెరిగాయి.

ఈ మొత్తం ఒక్కరికి దక్కేది కాదు. సింగిల్స్, డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్ కలిపి ఐదు విభాగాలలో, వివిధ రౌండ్లు చేరిన వారందరికీ పంచుతారు. సూపర్ 1000లో డబుల్స్ విజేతల జంటకు మొత్తంలో 7.4 శాతం వస్తుంది. 12.5 లక్షల డాలర్ల పోటీలో ఇది 92,500 డాలర్లు. దీనిని ఇద్దరూ పంచుకోవాలి.

పై రెండు స్థాయిలకు, కింది మూడు స్థాయిలకు మధ్య ఒక అగాధం ఉన్నట్లు ఈ అంకెలను బట్టి తెలుస్తుంది. సూపర్ 750 నుండి సూపర్ 500కి దిగితే ప్రైజ్ మనీ సగానికి సగం తగ్గిపోతుంది.

## ర్యాంకింగ్ పాయింట్లు

ప్రపంచ ర్యాంకును గడచిన 52 వారాలలో ఆడిన టోర్నమెంట్ల పాయింట్లను బట్టి నిర్ణయిస్తారు. పదికి మించి ఆడితే అత్యధిక పాయింట్లు వచ్చిన పదింటిని మాత్రమే లెక్కిస్తారు. వివిధ స్థాయిలలో లభించే పాయింట్లు ఇలా ఉంటాయి.

| స్థాయి | విజేత | రన్నరప్ | సెమీఫైనల్ | క్వార్టర్ ఫైనల్ |
|---|---|---|---|---|
| సూపర్ 1000 | 12,000 | 10,200 | 8,400 | 6,600 |
| సూపర్ 750 | 11,000 | 9,350 | 7,700 | 6,050 |
| సూపర్ 500 | 9,200 | 7,800 | 6,420 | 5,040 |
| సూపర్ 300 | 7,000 | 5,950 | 4,900 | 3,850 |
| సూపర్ 100 | 5,500 | 4,680 | 3,850 | 3,030 |
| ఇంటర్నేషనల్ ఛాలెంజ్ | 4,000 | 3,400 | 2,800 | 2,200 |
| ఇంటర్నేషనల్ సిరీస్ | 2,500 | 2,130 | 1,750 | 1,370 |
| ఫ్యూచర్ సిరీస్ | 1,700 | 1,420 | 1,170 | 920 |

ఈ పట్టికను అడ్డంగా కాక ఐమూలగా చదివితే అసలు విషయం బోధపడుతుంది.

- సూపర్ 100 టైటిల్ గెలిచిన వారికి 5,500 పాయింట్లు. సూపర్ 1000లో క్వార్టర్ ఫైనల్లో ఓడినవారికి 6,600.
- సూపర్ 300 టైటిల్‌కు 7,000 పాయింట్లు. సూపర్ 750 సెమీఫైనల్లో ఓడినా 7,700.
- సూపర్ 1000లో మొదటి రౌండులోనే ఓడినవారికి సైతం 3,000 పాయింట్లు లభిస్తాయి. ఇంటర్నేషనల్ సిరీస్‌లో వరుసగా అన్ని మ్యాచ్‌లూ గెలిచి టైటిల్ సాధించినవారికి వచ్చేది 2,500 మాత్రమే.

ఒక జంట ఏడాదిలో పది సూపర్ 100 టైటిళ్ళు గెలిచిందని అనుకుంటే మొత్తం 55,000 పాయింట్లవుతాయి. పది సూపర్ 300 టైటిళ్ళు గెలిచినా 70,000 దాటవు. 2023 అక్టోబరులో సాత్విక్, చిరాగ్ శెట్టి జంట ప్రపంచ ప్రథమ ర్యాంకు పొందినపుడు వారి పాయింట్లు 92,411. కింది స్థాయిలో ఎన్ని విజయాలు కూడబెట్టినా ప్రథమ ర్యాంకు దక్కదని దీనినిబట్టి స్పష్టమవుతుంది.

## ప్రవేశము, నిర్బంధము

పై స్థాయి పోటీలో ఆడాలంటే ర్యాంకు కావాలి. ర్యాంకు పెరగాలంటే పై స్థాయి పోటీలలో ఆడాలి. కొత్తవారికి ఈ వ్యవస్థలో ఎదురయ్యే ప్రధానమైన చిక్కు ఇదే. దీనిని దాటడానికి మూడవ శ్రేణి నుండి ఒక్కొక్క మెట్టు ఎక్కడం తప్ప వేరే దారి లేదు. కింది మెట్లలో ప్రైజ్ మనీ స్వల్పం. విదేశాలకు వెళ్ళి ఆడాలంటే విమాన ఛార్జీలు, బస ఖర్చులు అంతకు మించిపోతాయి. ప్రభుత్వం, సమాఖ్య లేదా అకాడమీ సహాయం లేనివారు ఈ దశలోనే ఆగిపోయే ప్రమాదం ఉంది.

పై మెట్టు చేరినవారికి వేరొక రకం ఇబ్బంది ఉంది. 2018 నాటి నియమం ప్రకారం సింగిల్స్‌లో మొదటి 15 మంది, డబుల్స్‌లో మొదటి 10 జంటలు ఏడాదికి కనీసం 12 వరల్డ్ టూర్ పోటీలలో తప్పనిసరిగా ఆడాలి. వీటిలో మూడు సూపర్ 1000, ఐదు సూపర్ 750, ఏడు సూపర్ 500 పోటీలలో ఏవైనా నాలుగు ఉంటాయి. సరైన కారణం లేకుండా ఆడకపోతే జరిమానా కట్టాలి. వీటికి తోడు ప్రపంచ ఛాంపియన్‌షిప్, జట్ల పోటీలు, ఆసియా స్థాయి పోటీలు ఉంటాయి కనుక విశ్రాంతికి వ్యవధి తక్కువ. గాయపడి కొన్ని నెలలు ఆటకు దూరమైతే 52 వారాల గడువు ముగిసిన పాయింట్లు ఒక్కొక్కటిగా రాలిపోతాయి. 2024 ఏప్రిల్లో సాత్విక్ భుజం గాయం కారణంగా ఈ జంట ఆసియా ఛాంపియన్‌షిప్ నుండి తప్పుకొనవలసి వచ్చింది. అంతకు ముందు సంవత్సరం దుబాయిలో ఆ పోటీ విజేతలు వీరే.

ఒలింపిక్ ప్రవేశం కూడ ర్యాంకుపైనే ఆధారపడుతుంది. పారిస్ ఒలింపిక్స్‌కు 2023 మే నుండి 2024 ఏప్రిల్ వరకు సాధించిన పాయింట్లను లెక్కించారు. డబుల్స్‌లో 16 జంటలకే చోటు. ఒక దేశం రెండు జంటలను పంపాలంటే రెండూ మొదటి ఎనిమిది ర్యాంకులలో ఉండాలి.

## అమలాపురం నుండి సూపర్ 1000 వరకు

గోదావరి పాయలైన గౌతమి, వసిష్ఠలకు, సముద్రానికి మధ్యనున్న ప్రాంతం కోనసీమ. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఇక్కడి ముఖ్యమైన పట్టణాలు. 2022 ఏప్రిల్ 4న ఈ ప్రాంతం అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా అయింది. సాత్విక్ సాయిరాజ్ 2000 ఆగస్టు 13న అమలాపురంలో జన్మించాడు. అతని తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు, బ్యాడ్మింటన్ క్రీడాకారుడు. తొలి పాఠాలు ఇంటివద్దనే నేర్చిన సాత్విక్ 2014లో హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరాడు. 2016లో మలేషియాకు చెందిన డబుల్స్ శిక్షకుడు టాన్ కిమ్ హర్ అతనిని ముంబై క్రీడాకారుడు చిరాగ్ శెట్టితో జత చేశాడు. ఈ జంట వివిధ స్థాయిలలో సాధించిన ముఖ్య ఫలితాలు ఇవి.

| సంవత్సరం | టోర్నమెంటు | స్థాయి | ఫలితం |
|---|---|---|---|
| 2016 | మారిషస్ ఇంటర్నేషనల్ | ఇంటర్నేషనల్ సిరీస్ | విజేత |
| 2017 | వియత్నాం ఇంటర్నేషనల్ | ఇంటర్నేషనల్ ఛాలెంజ్ | విజేత |
| 2018 | హైదరాబాద్ ఓపెన్ | సూపర్ 100 | విజేత |
| 2018 | సయ్యద్ మోదీ ఇంటర్నేషనల్ | సూపర్ 300 | రన్నరప్ |
| 2019 | థాయిలాండ్ ఓపెన్ | సూపర్ 500 | విజేత |
| 2019 | ఫ్రెంచ్ ఓపెన్ | సూపర్ 750 | రన్నరప్ |
| 2022 | ఇండియా ఓపెన్ | సూపర్ 500 | విజేత |
| 2022 | ఫ్రెంచ్ ఓపెన్ | సూపర్ 750 | విజేత |
| 2023 | స్విస్ ఓపెన్ | సూపర్ 300 | విజేత |
| 2023 | ఇండోనేషియా ఓపెన్ | సూపర్ 1000 | విజేత |
| 2023 | కొరియా ఓపెన్ | సూపర్ 500 | విజేత |
| 2024 | మలేషియా ఓపెన్ | సూపర్ 1000 | రన్నరప్ |
| 2024 | ఇండియా ఓపెన్ | సూపర్ 750 | రన్నరప్ |
| 2024 | ఫ్రెంచ్ ఓపెన్ | సూపర్ 750 | విజేత |
| 2024 | థాయిలాండ్ ఓపెన్ | సూపర్ 500 | విజేత |

టూర్ వ్యవస్థలో వీరి తొలి టైటిల్ 2018 సెప్టెంబరులో హైదరాబాదు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో దక్కింది. ఆ క్రీడా ప్రాంగణానికి లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన, అమలాపురం నియోజకవర్గానికి ప్రాతినిధ్యం వహించిన జి.ఎం.సి. బాలయోగి పేరు ఉండడం విశేషం.

2019 ఆగస్టు 4న బ్యాంకాక్‌లో జరిగిన థాయిలాండ్ ఓపెన్ ఫైనల్లో అప్పటి ప్రపంచ ఛాంపియన్లయిన చైనా జంట లీ జున్‌హుయ్, లియు యుచెన్‌లను 21-19, 18-21, 21-18తో ఓడించి, సూపర్ 500 స్థాయి టైటిల్ గెలిచిన తొలి భారత పురుషుల జంటగా నిలిచారు. అదే సంవత్సరం ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో ఓడిపోయారు. అయినా ఆ ఓటమి తెచ్చిన పాయింట్లు 9,350 కాగా థాయిలాండ్ విజయం తెచ్చినవి 9,200.

ఇండియా ఓపెన్ విషయంలో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 2022 జనవరిలో ఇండోనేషియా దిగ్గజాలు మహమ్మద్ అహ్సాన్, హెండ్రా సెతియవాన్‌లను ఓడించి విజేతలయినపుడు అది సూపర్ 500. 2024 జనవరిలో అదే పోటీ ఫైనల్లో కొరియా జంట చేతిలో ఓడినపుడు అది సూపర్ 750. పోటీ పేరు ఒకటే, నగరం ఒకటే. కాని ఓడిన ఏడాది వచ్చిన పాయింట్లే ఎక్కువ.

2023 జూన్ 18న జకార్తాలో ఇండోనేషియా ఓపెన్ ఫైనల్లో మలేషియాకు చెందిన ఆరన్ చియా, సో వూయి యిక్ జంటను 21-17, 21-18తో ఓడించి సూపర్ 1000 టైటిల్ గెలిచిన తొలి భారతీయులయ్యారు. 2016 నాటి ఇంటర్నేషనల్ సిరీస్ విజయం నుండి ఇక్కడికి చేరడానికి ఏడేళ్ళు పట్టింది. అదే ఏడాది అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచి, ప్రపంచ ప్రథమ ర్యాంకు అందుకున్నారు. ఈ ర్యాంకు పొందిన తొలి భారత పురుషుల డబుల్స్ జంట వీరిదే.

పట్టికలో గమనించదగిన మరొక అంశం ఉంది. ఈ జంట సూపర్ 300 టైటిల్‌ను సూపర్ 750 టైటిల్ తరువాత గెలిచింది. పై మెట్టు ఎక్కినవారు కింది మెట్టు పోటీలో ఆడకూడదనే నియమం అక్కడ లేదు. అందువలన సూపర్ 300 పోటీలో కూడ కొన్నిసార్లు ప్రపంచ మేటి జంటలు ఎదురవుతాయి. స్థాయి చెప్పేది పోటీ విలువను మాత్రమే, ప్రత్యర్థి బలాన్ని కాదు.

## ఇతర క్రీడలతో పోలిక

టెన్నిస్‌లో పురుషుల టూర్ కూడ 1000, 500, 250 అనే అంకెలతో పోటీలను విభజిస్తుంది. ఆ అంకె నేరుగా విజేతకు లభించే పాయింట్లనే సూచిస్తుంది. బ్యాడ్మింటన్‌లో అంకె స్థాయికి పేరు మాత్రమే.

అమెరికా కళాశాలల ఫుట్‌బాల్‌లో పద్ధతి పూర్తిగా భిన్నం. అక్కడి అత్యున్నత విభాగమైన డివిజన్ 1ను 1978లో రెండుగా చీల్చారు. 2006 నుండి వీటిని బౌల్ సబ్‌డివిజన్, ఛాంపియన్‌షిప్ సబ్‌డివిజన్ అని పిలుస్తున్నారు. మొదటిది పై స్థాయి. అక్కడ స్థాయి విశ్వవిద్యాలయానికి చెందుతుంది. ఒక సీజనులో అన్ని ఆటలూ ఓడినా జట్టు కింది స్థాయికి పడిపోదు, అన్నీ గెలిచినంత మాత్రాన పై స్థాయికి చేరదు. భారత క్రికెట్‌లోని రంజీ ట్రోఫీలో ఎలైట్, ప్లేట్ విభాగాల మధ్య ఫలితాలను బట్టి జట్లు మారతాయి. బ్యాడ్మింటన్‌లో స్థాయి క్రీడాకారునికి గాని జట్టుకు గాని చెందక టోర్నమెంటుకు చెందుతుంది. క్రీడాకారునికి ఉండేది 52 వారాల ర్యాంకు మాత్రమే. దానిని ప్రతి ఏడాదీ తిరిగి సంపాదించుకోవాలి.

## ఇవి కూడా చూడండి

- రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్
- చిరాగ్ శెట్టి
- పుల్లెల గోపీచంద్
- పి.వి. సింధు
- కిదాంబి శ్రీకాంత్
- థామస్ కప్
- అమలాపురం